చెరువులో కయాక్ రేసుకు ఎనిమిది వారాల్లో ఎలా సిద్ధం కావాలి

కయాక్ రేసుకు పేరు రాయించుకోగానే చాలామంది జిమ్‌కు పరుగెత్తి డంబెల్స్ పట్టుకుంటారు. కండలు పెరిగితే మంచిదే గానీ, పడవ ముందుకు పోయేది కాళ్లతో, నడుముతో. చేతులు తెడ్డును పట్టుకుంటాయి, అంతే. ఇంకో సంగతి, మన దగ్గర రేసు జరిగేది గాలి తగిలే చెరువులో. పోయేటప్పుడు వీపు తట్టిన గాలే వచ్చేటప్పుడు ముఖాన కొడుతుంది. ఈ రెండు సంగతులు మొదటి రోజు నుంచే లెక్కలో పెట్టుకుంటే ఐదు కిలోమీటర్ల రేసుకు ఎనిమిది వారాలు చాలు. ఇది వరంగల్, హనుమకొండ, ములుగు, కరీంనగర్ వైపు ఉండి, సరదాకు ఒకటి రెండు సార్లు తెడ్డు పట్టినవాళ్ల కోసం రాస్తున్నాను.

1. ముందు రేసేమిటో కనుక్కోండి

తెడ్డు రేసులన్నీ ఒకటి కావు. కయాక్‌లో కాళ్లు చాపి కూర్చొని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డును కుడికోసారి ఎడమకోసారి వేస్తారు. కనోలో ఒక మోకాలు ఆనించి, ఒకే రెక్క ఉన్న తెడ్డును ఒకే పక్కన వేస్తారు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ సలాం జోడీ వెయ్యి మీటర్ల కనో పోటీలో కాంస్యం తెచ్చింది. ఈ ఆటలో మనకు 1994 తర్వాత వచ్చిన ఆసియాడ్ పతకం అదే. సునీల్‌ది మణిపుర్, లోక్‌తాక్ సరస్సు పక్కన చేపలు పట్టే ఇల్లు. చెరువు కట్ట కింద పెరిగిన పిల్లలున్న ఊళ్లు మనకూ లెక్కలేనన్ని ఉన్నాయి, ఎవరైనా పట్టించుకుంటే.

ఒలింపిక్స్‌లో 1936 నుంచి ఉన్న స్ప్రింట్ పోటీలు 200, 500, 1000 మీటర్లవి. వాటిలో వాడే సింగిల్ కయాక్ 5.2 మీటర్ల పొడవు దాటకూడదు, 12 కిలోల కన్నా తేలిక కాకూడదు. సన్నగా, గుండ్రటి అడుగుతో ఉంటుంది, కొత్తవాళ్లు కూర్చోగానే బోర్లా పడతారు. దాని జోలికి ఇప్పుడే పోకండి. టూరిజం బోటింగ్ పాయింట్లలో కనిపించే వెడల్పాటి ప్లాస్టిక్ కయాక్‌తోనే మొదలుపెట్టండి. సరదా రేసులు ఎక్కువగా దాంతోనే పెడతారు.

రేసు పెట్టేవాళ్లను ఫోన్‌లోనే అడగండి: పడవ వాళ్లిస్తారా, మనం తెచ్చుకోవాలా? సింగిలా, ఇద్దరు కూర్చునేదా? మలుపు బుయ్యి (తిరగాల్సిన చోట నీళ్ల మీద తేలే గుర్తు) ఎడమ చేతి వైపు ఉంచి తిరగాలా, కుడి చేతి వైపా? రెస్క్యూ బోటు ఉంటుందా? చివరి ప్రశ్నకు జవాబు నసిగితే ఆ రేసుకు డబ్బు కట్టకండి.

2. పడవ దింపే నీళ్లు చూసుకోండి

వరంగల్ చుట్టుపక్కల నీళ్లకు కొదవ లేదు, పడవ దింపనిచ్చే నీళ్లకే కొదవ. భద్రకాళి చెరువు ఊరి నడుమే ఉన్నా 2024 చివర్లో పూడిక తీయడానికి నీళ్లు వదిలేశారు. దాన్ని నమ్ముకొని ప్లాన్ వేసుకోకండి. ధర్మసాగర్ నగరానికి తాగునీళ్లిచ్చే రిజర్వాయరు. పాఖాల అభయారణ్యంలో ఉంది, అటవీ శాఖ ఒప్పుకుంటే తప్ప నీళ్లలో దిగడానికి లేదు. నన్నడిగితే మొదటి ఆరు వారాలకు ములుగు జిల్లా గోవిందరావుపేట దగ్గరి లక్నవరం మేలు. చెరువులో దీవులున్నాయి కాబట్టి గాలి ఏ వైపు నుంచి వచ్చినా ఏదో ఒక చాటు దొరుకుతుంది. బోటింగ్ ఉంది, లైఫ్ జాకెట్లు ఉన్నాయి, పిలిస్తే పలికే మనిషీ ఉంటాడు. కరీంనగర్ వాళ్లకు లోయర్ మానేరు దగ్గర, కానీ అక్కడ నీళ్లు బారుగా పరుచుకొని ఉంటాయి, గాలికి అడ్డు లేదు. చివరి రెండు వారాల్లో గాలిని మచ్చిక చేసుకోవడానికి పనికొస్తుంది. మొదటి రోజు మాత్రం వద్దు.

మామూలు ఊరి చెరువులో దింపాలనుకుంటే ఇద్దరిని అడగాలి: నీటిపారుదల శాఖవాళ్లను, చేపల సొసైటీవాళ్లను. రెండో మాట మర్చిపోతే ముందుగా గొడవయ్యేది అక్కడే. చెరువులో చేపపిల్లలు పోసి, ఏడాదంతా కాపాడుకునేది వాళ్లు. థర్మాకోల్ ముక్కలు గానీ ఖాళీ నీళ్ల సీసాలు గానీ వరసగా తేలుతుంటే వాటి కింద వల ఉన్నట్టే. ఆ వరసను దాటకండి, చుట్టు తిరిగి పోండి. ఏ రోజు ఏ వైపు వల వేస్తారో, ఎన్నింటికి తీస్తారో పెద్దమనిషిని కనుక్కుంటే వాళ్లకూ మీకూ పేచీ ఉండదు. పైగా నీళ్ల కింద మొద్దులు ఎక్కడున్నాయో, ఏ మూల లోతుందో వాళ్లకు తెలిసినంత ఏ మ్యాపుకూ తెలియదు.

కాలం సంగతి. నవంబరు నుంచి జనవరి దాకా చెరువులు నిండుగా ఉంటాయి, పొద్దున గాలి తక్కువ. మంచు పట్టిన రోజు అవతలి ఒడ్డు కనిపించేదాకా కట్ట మీదే ఆగండి. ఏప్రిల్, మే వచ్చేసరికి నీళ్లు దిగిపోయి తుమ్మ మొద్దులు తేలతాయి, ఎండ సంగతి చెప్పేదేముంది. వానాకాలంలో మత్తడి దూకుతుంటే ఆ ఛాయలకే పోవద్దు. తూము తెరిచి ఉన్నప్పుడూ అంతే. పైకి నీళ్లు కదలనట్టే కనిపిస్తాయి, కిందినుంచి లాగుతుంటాయి.

3. పడటం, ఎక్కడం

మొదటి వారంలో ఒక పూట మొత్తం దీనికే పెట్టండి. ఈత రాకపోతే రేసు మాట పక్కన పెట్టి ముందు ఈత నేర్చుకోండి. వేసుకున్న బట్టలతో యాభై మీటర్లు ఈదగలిగితే చాలు.

లైఫ్ జాకెట్ బకిల్స్ అన్నీ పెట్టుకొని, పక్కనున్న మనిషిని రెండు భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగమనండి. జాకెట్ గదవ దాటి పైకి వస్తే అది మీకు పెద్దది. చిన్న సైజు అడగండి, లేకపోతే నడుము పట్టీ బిగించండి. జిప్పు తీసి భుజాన వేలాడదీసుకున్న జాకెట్ ఫొటోలకు తప్ప ఎందుకూ పనికిరాదు. ఒక విజిల్ దానికి కట్టుకోండి.

ఇప్పుడు ఛాతీ లోతు నీళ్లలో కావాలనే పడవను తిప్పేయండి. తెడ్డు వదలకండి, పడవనూ వదలకండి. పడవ బోర్లా ఉంటే అవతలి అంచు పట్టుకొని మీ వైపుకు లాగి వెల్లకిలా చేయండి. సీటు పక్కకు వచ్చి రెండు చేతులూ పడవ మీద వేసి, కాళ్లను నీళ్ల పైకి తెచ్చి ఈతలో కొట్టినట్టు కొట్టండి. ఒళ్లు నీళ్లకు సమంగా తేలాక పొట్ట మీద పడవకు అడ్డంగా పాకండి. బొడ్డు సీటు మీదికి వచ్చాక మెల్లగా వెల్లకిలా తిరిగి కూర్చోండి, ఆ తర్వాతే కాళ్లు లోపలికి. ఎక్కువమంది కాళ్లు కింద వేలాడదీసి చేతుల బలంతో ఎక్కాలని చూస్తారు, పడవ మళ్లీ మీదికి తిరుగుతుంది. కాళ్లు పైకి రావడమే ఇందులో కిటుకు. ఇది అలసట లేకుండా వరసగా మూడుసార్లు చేయగలిగితే లోతు నీళ్లకు పోవచ్చు. ఒంటరిగా మాత్రం ఎప్పుడూ వద్దు.

4. తెడ్డు వేయడం

దీనికి ఎంత టైమిచ్చినా వృథా కాదు. చాలామంది రేసు పోగొట్టుకునేది ఇక్కడే.

ముందు కూర్చోవడం. సీటుకు వీపు ఆనించి వాలిపోకండి. తుంటి ఎముకల మీద నిటారుగా కూర్చొని, నడుము పైభాగం కొంచెం ముందుకు ఉంచండి. పాదాలు ఫుట్‌రెస్ట్‌కు గట్టిగా ఆనాలి, మోకాళ్లు కొద్దిగా వంగి ఉండాలి. కాళ్లు పూర్తిగా చాచి ఉంటే తోయడానికి ఏమీ మిగలదు. మరీ ముడుచుకుంటే నడుము తిరగదు.

తెడ్డు ఎక్కడ పట్టుకోవాలో ఇలా చూసుకోండి: తెడ్డును నెత్తి మీద అడ్డంగా పెట్టి, రెండు మోచేతులూ లంబకోణంలో ఉండేలా పట్టండి. అదే మీ చోటు. అక్కడ రంగు టేపు ఒక చుట్టు చుట్టుకుంటే అలసిపోయినప్పుడు చేతులు జరిగినా తెలిసిపోతుంది. పిడికిలి బిగించకండి. బొటనవేలు, చూపుడు వేలు గుండ్రంగా పట్టుకుంటే చాలు, మిగతా వేళ్లు వదులుగా ఉండాలి. బిగించినవాళ్లకు రెండు కిలోమీటర్లు దాటేసరికి ముంజేతులు కొయ్యబారతాయి, బొటనవేలి మొదట్లో బొబ్బ లేస్తుంది.

ఇక అసలు దెబ్బ, అంటే తెడ్డును ఒకసారి నీళ్లలో వేసి లాగడం. కుడి వైపు తెడ్డు వేయాలంటే ముందు నడుమును ఎడమకు తిప్పి కుడి భుజాన్ని ముందుకు తేవాలి. తెడ్డు రెక్క మీ పాదాల పక్కన, పడవను ఆనుకున్నట్టుగా నీళ్లలోకి దిగాలి. రెక్క పూర్తిగా మునిగేదాకా లాగకండి. సగం మునిగిన రెక్కను లాగితే నీళ్లు ఎగిరిపడతాయి, పడవ కదలదు. మంచి దెబ్బకు చప్పుడు తక్కువ, ‘తుపుక్’మని లోపలికి పోతుంది. ‘ఛళ్’మని నీళ్లు మీ ఒళ్లో పడుతుంటే తొందరపడుతున్నట్టే.

రెక్క మునిగాక కుడి పాదంతో ఫుట్‌రెస్ట్‌ను తన్నండి, నడుమును కుడికి తిప్పండి. కవ్వం ఉన్నచోటే ఉండి అటూ ఇటూ తిరిగినట్టు మీ నడుము తిరగాలి, తల మాత్రం ఎదురుగా ఒకే గురి మీద ఉండాలి. ఆ తిప్పడంతోనే పడవ ముందుకు జరుగుతుంది. కుడి చేయి దాదాపు తిన్నగానే ఉంటుంది. పైనున్న ఎడమ చేయి కళ్ల ఎత్తులో, ఎదురుగా అడ్డంగా జరుగుతుంది. రెక్క తుంటి దగ్గరికి రాగానే పక్కకు తీసేయండి. ఇంకా వెనక్కి లాగితే తెడ్డు నీళ్లను పైకెత్తుతుంది, పడవ తోక కిందికి దిగుతుంది, బలం వృథా. వెంటనే ఎడమ పక్క.

సరిగా చేస్తున్నారో లేదో మీకే తెలియాలంటే టీషర్టు ముందు బొమ్మ ఉన్నది వేసుకొని ఒడ్డు నుంచి ఎవరితోనైనా ఫోన్‌లో వీడియో తీయించుకోండి. ఒక దెబ్బకు ఆ బొమ్మ ఎడమ ఒడ్డు వైపు, ఇంకో దెబ్బకు కుడి ఒడ్డు వైపు చూడాలి. ఎప్పుడూ ముందుకే చూస్తుంటే మీరు చేతులతోనే లాగుతున్నారు. ఇంకో గుర్తు, మంచిగా తెడ్డేసిన మర్నాడు నొప్పులు డొక్కల్లో, తొడల్లో ఉంటాయి. జబ్బలు మాత్రమే సలుపుతుంటే మళ్లీ మొదటికి రావాలి.

చెరువు అందుబాటులో లేని రోజుల్లో ఇంట్లో ఒక పీట మీద కాళ్లు చాపి కూర్చొని, గోడకు పాదాలు ఆనించి, మాప్ కర్రతో ఇదే పని పది నిమిషాలు చేయండి. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

5. వారాల లెక్క

మొదటి రెండు వారాలు వారానికి మూడుసార్లు నీళ్ల మీద, ఒక్కోసారి 30 నుంచి 40 నిమిషాలు. పక్క పడవవాళ్లతో ఆయాసం లేకుండా మాట్లాడగలిగే వేగం చాలు. టైమ్ చూసుకోకండి, దెబ్బ చూసుకోండి.

మూడు నుంచి ఐదో వారం దాకా నాలుగుసార్లు. వాటిలో ఒకటి 60 నుంచి 75 నిమిషాల పొడవాటి నెమ్మది ప్రయాణం. ఉద్యోగస్తులు ఆదివారం పెట్టుకోవచ్చు. ఒకటి వేగానికి: ఒక నిమిషం గట్టిగా, ఒక నిమిషం నెమ్మదిగా, ఎనిమిదిసార్లు. ఐదో వారానికి అది మూడు నిమిషాలు గట్టిగా, రెండు నిమిషాలు నెమ్మదిగా, ఐదుసార్లు అవుతుంది. మిగతా రెండూ తెడ్డు సాపు చేసుకోవడానికి. గట్టిగా వేసేటప్పుడు దెబ్బ పాడైపోతుంటే వేగం తగ్గించండి. చెడ్డ దెబ్బను వేగంగా అలవాటు చేసుకుంటే దాన్ని వదిలించుకోవడానికే ఇంకో ఎనిమిది వారాలు పడుతుంది.

ఆరు, ఏడు వారాల్లో రేసు వేగంతో రెండు కిలోమీటర్లు, పది నిమిషాల విశ్రాంతి, మళ్లీ రెండు కిలోమీటర్లు. ఏడో వారం మొదట్లో ఒక్కసారి ఐదు కిలోమీటర్లూ పూర్తిగా, మలుపుతో సహా. వెడల్పాటి కయాక్‌లో గంటకు 5, 6 కిలోమీటర్ల వేగం మామూలు మనిషికి అందుతుంది, అంటే రేసు యాభై నిమిషాల నుంచి గంట దాకా నడుస్తుందని అనుకోండి. ఫోన్‌ను వాటర్‌ప్రూఫ్ పౌచ్‌లో పెట్టి జీపీఎస్ ఆన్ చేసుకుంటే దూరం, వేగం తెలుస్తాయి. ఎనిమిదో వారం సగానికి సగం తగ్గించండి, రేసుకు ముందు రెండు రోజులు తెడ్డు ముట్టుకోకపోయినా నష్టం లేదు.

నేల మీద వారానికి రెండు పూటలు చాలు: పుల్ అప్స్, ప్లాంక్, గుంజీలు, కొంచెం పరుగు. హనుమకొండలో ఉన్నవాళ్లకు జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం (జేఎన్ఎస్) ఉండనే ఉంది.

6. గాలిని పట్టించుకోండి

ఒక చేపల పెద్దాయన మాట: “తమ్మీ, పొయ్యేటప్పుడు గాలి మంచిగనే ఉంటది. వచ్చేటప్పుడు అడుగుతది లెక్క.” ఐదు కిలోమీటర్ల రేసంటే సాధారణంగా రెండున్నర పోవడం, రెండున్నర రావడం. గాలి వాలులో పోతూ ‘అబ్బ, ఎంత వేగంగా పోతున్నా’ అనుకొని ఉన్నదంతా ఖర్చు పెట్టేవాళ్లు మలుపు తిరగ్గానే నిలబడిపోతారు. అందుకే ప్రాక్టీసులో ముందు గాలికి ఎదురుగా పోవడం, చివర్లో వాలులో రావడం సుఖమూ, భద్రమూ. ఆరో వారం నుంచి మాత్రం పక్కన మనిషి ఉన్నప్పుడు దాన్ని తిరగేసి, అలసిన ఒంటితో ఎదురుగాలిలో రావడం అలవాటు చేసుకోండి.

ఎదురుగాలిలో తెడ్డును కిందికి దించి వేయండి, పైచేయి కళ్ల ఎత్తు నుంచి గదవ ఎత్తుకు రావాలి. గాలిలో ఎగిరే రెక్కకు గాలి తగలడం తగ్గుతుంది. దెబ్బలు చిన్నవి, కొంచెం తొందరగా. ఆగకండి, రెండు దెబ్బలు మానితే పడవ నిలిచిపోతుంది. పక్కగాలికి పడవ ముక్కు గాలి వైపే తిరగాలని చూస్తుంది. గాలి ఉన్న పక్కన తెడ్డును కొంచెం వెడల్పుగా తిప్పి వేస్తే దారికి వస్తుంది.

కట్ట దగ్గర ఇంకో తమాషా ఉంది. మన చెరువు కట్టలకు లోపలి వైపు రాళ్లు పేర్చి ఉంటాయి. అల వచ్చి రాళ్లకు కొట్టుకొని వెనక్కి మళ్లుతుంది, వచ్చే అలతో కలిసి నీళ్లు ఉడుకుతున్నట్టు పైకీ కిందికీ లేస్తాయి. దగ్గరదారి అని కట్టను రాసుకుంటూ పోతే పడవ ఊగిపోయి దెబ్బలు తప్పుతాయి. ముప్పై మీటర్లు ఎడంగా పోండి, చుట్టు అనిపించినా అదే తొందర దారి.

దూరపు రేసులో ముందు పడవ వెనక పక్కగా లేచే అల మీద మీ పడవ ముక్కు పెట్టగలిగితే మీ పని తేలికవుతుంది. నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో ముందే అడగండి. లేన్లు గీసిన స్ప్రింట్ రేసుల్లో మాత్రం ఎవరి దారి వాళ్లదే.

మలుపు విడిగా సాధన చేయాలి. బుయ్యి దగ్గరికి వచ్చాక తిప్పడం మొదలుపెడితే చాలా దూరం చుట్టు తిరుగుతారు. రెండు పడవల దూరం ఉండగానే బయటి పక్క తెడ్డును ముక్కు దగ్గర నుంచి తోక దాకా అర్ధచంద్రంగా తిప్పి వేయడం మొదలుపెట్టండి. లోపలి పక్క తెడ్డు ఆనించి బ్రేకు వేయడం చూడ్డానికి బాగుంటుంది, వేగమంతా పోతుంది.

7. తిండి, ఎండ

రేసుకు ముందు రాత్రి రోజూ తినేదే తినండి. పొద్దున రెండు గంటల ముందు ఇడ్లీ గానీ ఉప్మా గానీ, ఒక అరటిపండు. సర్వపిండి రేసయ్యాక. ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి, చిక్కగా కలిపితే ఎక్కువ బలమేం రాదు. నీళ్ల మీద ఎండ రెండు వైపుల నుంచి కొడుతుంది కాబట్టి పొడుగు చేతుల చొక్కా, టోపీ. జీన్స్ వద్దు, తడిస్తే బరువు.

8. రేసు రోజు

పడవ మీ చేతికి రాగానే ముందు తోక దగ్గర డ్రెయిన్ ప్లగ్ (లోపలి నీళ్లు వదిలే రంధ్రానికి పెట్టే బిరడా) చూడండి. అది వదులుగా ఉంటే కొంచెం కొంచెంగా నీళ్లు పట్టి, మూడో కిలోమీటరుకు ఎందుకు బరువెక్కిందో అర్థం కాదు. తర్వాత ఫుట్‌రెస్ట్ మీ కాళ్లకు సరిచేసుకోండి. ఎంతమంది లైన్లో ఉన్నా ఈ రెండూ అయ్యేదాకా కదలకండి.

పది నిమిషాలు మెల్లగా తెడ్డేసి ఒళ్లు వేడి చేసుకోండి. ఆ టైమ్‌లోనే మలుపు బుయ్యి వెనక అవతలి ఒడ్డు మీద ఒక గుర్తు ఎంచుకోండి: తాడిచెట్టు, సెల్ టవర్, గుడి శిఖరం, ఏదైనా సరే. నీళ్ల మీద కూర్చున్నప్పుడు బుయ్యి అలల్లో కనిపించకుండా పోతుంది, తాడిచెట్టు ఎక్కడికీ పోదు. తిరుగు దారికీ ఇలాంటిదే ఒకటి చూసుకోండి.

విజిల్ పడగానే ఐదారు చిన్న దెబ్బలు గబగబా వేసి పడవను లేపండి. ఆపైన దెబ్బ పొడవు పెంచండి. మొదటి అర కిలోమీటరు పక్కవాళ్లు దాటిపోతుంటే పోనివ్వండి. మీ శ్వాస, తెడ్డు ఒక లయకు వచ్చాకే వేగం సంగతి. మలుపు దగ్గర పడవలన్నీ గుంపు కడతాయి, తెడ్లు తగులుకుంటాయి. అక్కడ ఇరుక్కోవడం కన్నా కొంచెం బయటినుంచి తిరగడం లాభం. మలుపు దాటాక ఎదురుగాలి ఉంటే ఇంతసేపూ దాచుకున్నది తీయండి. చివరి 300 మీటర్లలో మాత్రమే దెబ్బల సంఖ్య పెంచండి, నడుము తిప్పడం మానకుండా.

గీత దాటగానే వాలిపోకుండా ఐదు నిమిషాలు మెల్లగా తెడ్డేయండి. పడవ ఒడ్డుకు లాగాక అడుగున, తెడ్డు రెక్కల సందులో గుర్రపుడెక్క ముక్కలు అంటుకొని ఉంటే తీసి ఎండలో పడేయండి. చిన్న ముక్క చాలు, ఇంకో చెరువు నిండిపోవడానికి. చేతుల మీద, కాళ్ల మీద గీరుకుపోయిన చోట్లు సబ్బుతో కడుక్కోండి. ఆ తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం లాంటివి వస్తే మాత్ర వేసుకొని ఊరుకోకండి. డాక్టరు దగ్గరికి పోయి, చెరువు నీళ్లలో దిగిన సంగతి ముందే చెప్పండి. అడిగితే చెప్దాంలే అనుకోవద్దు, ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే జబ్బు) అనుమానం రావాలంటే డాక్టరుకు ఆ సంగతి తెలియాలి.